మిత్రుడి వైద్యం కోసం పరుగెత్తి చందా పోగుచేయాలనుకుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో ఉంటున్న మీ పదో తరగతి మిత్రుడికి క్లోమగ్రంథి క్యాన్సర్ నాలుగో దశలో బయటపడింది, ఆరు నెలలకు మించి చెప్పలేమని వైద్యులు అన్నారు, జనవరిలో విజయవాడలో జరిగే ఒక హాఫ్ మారథాన్‌లో పరుగెత్తి ఆయన కుటుంబానికి అయిదు లక్షల రూపాయలు సమకూర్చాలని మీ ఆలోచన. మీకు నలభై ఆరేళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటున్నారు, ఉదయం అరగంట నడక తప్ప పరుగు అలవాటు లేదు, చేతిలో పన్నెండు వారాలున్నాయి. నేను ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను, నలభై మూడో ఏట పరుగు మొదలుపెట్టాను, మీలాగే ఒక ఆప్తమిత్రుడి కోసం ఒకసారి, తెలిసినవారి కోసం మరో రెండుసార్లు ఈ పని చేశాను. మొదటిసారి చేసిన పొరపాట్ల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే మీకు అక్కరకు వచ్చేవి అవే.

మా మిత్రుడికి కాలేయ క్యాన్సర్ అని ఆగస్టులో తెలిసింది. నేను జనవరి పోటీకి పేరు నమోదు చేయించుకుని, ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తగలనని రుజువు చేసుకుంటే తప్ప నలుగురినీ అడగడానికి ముఖం చెల్లదన్నట్టు, నవంబరు దాకా సాధనలోనే గడిపాను. చందాల కోసం గట్టిగా అడగడం మొదలుపెట్టింది నవంబరు చివరిలో. డిసెంబరులో, పరుగుకు ఇంకా పందొమ్మిది రోజులు ఉండగా, ఆయన వెళ్లిపోయాడు. ఆయన బతికుండగా చేరిన మొత్తం 96,000 రూపాయలు; ఆ తరువాత వచ్చినది 1,90,500. డబ్బు ఎక్కువ భాగం ఆయనకు నొప్పి తగ్గించడానికి, మంచి మంచం వేయించడానికి, రాత్రిపూట ఒక నర్సును పెట్టుకోవడానికి పనికిరాకుండా, పోయిన తరువాత అప్పు తీర్చడానికి పనికొచ్చింది. అందువల్ల మీకు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే, మిగిలిన వివరాలన్నీ దాని చుట్టూ తిరిగేవే: ముందు ఆయనకు ఉన్న వ్యవధిని చూసి చందాల తేదీ పెట్టుకోండి, ఆ తేదీకి మీ శరీరం ఎంత దూరం ఒప్పుకుంటే అంత దూరం పరుగెత్తండి. ఆరు నెలలు అన్న వైద్యుడి మాట సగటు లెక్కే కాని హామీ కాదు, పైగా క్లోమగ్రంథి క్యాన్సర్‌లో మనిషి చివరి వారాల్లో త్వరగా నీరసించిపోతాడు. చందాలు అడగడం జనవరిలో కాదు, ఈ వారమే మొదలుపెట్టండి. పరుగు ఒక సందర్భం మాత్రమే, దానికి ముందే డబ్బు కదలాలి.

దూరం తగ్గిస్తే ఇచ్చేవారు వెనకాడతారేమోనన్న భయం మీకు ఉంటుంది, నాకూ ఉండేది. ఈ విషయంలో టెర్రీ ఫాక్స్ ఉదంతం గుర్తుచేసుకోండి. ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు పోగొట్టుకున్న ఆ కెనడా యువకుడు 1980లో కృత్రిమ కాలితో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రోజుకు దాదాపు ఒక మారథాన్ చొప్పున పరుగెత్తాలని బయలుదేరాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లేసరికి క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆపేయవలసి వచ్చింది. ఆయన ఆగిపోయాక చందాలు మరింత పెరిగి, కొద్ది నెలల్లో 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. జనం ఇచ్చేది గీత దాటినందుకు కాదని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. ఈ కారణంగానే, 'పూర్తిచేస్తే కిలోమీటరుకు ఇంత' అనే పందెం పద్ధతిని నేను ఒప్పుకోను. ఒకటి, పరుగు అయ్యాక మాట ఇచ్చినవారిలో కొందరు ఫోను ఎత్తరు. రెండు, అంతకన్నా పెద్ద ప్రమాదం, పదిహేనో కిలోమీటరు దగ్గర కళ్లు తిరుగుతున్నప్పుడు ఆగితే మిత్రుడి డబ్బు పోతుందన్న ఆలోచన మిమ్మల్ని ఆగనివ్వదు. ఇచ్చేవారు ముందే ఇవ్వాలి, మీరు ఎంత దూరం వెళ్లినా ఆ మొత్తం మారకూడదు.

ఇక అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఆయన అనుమతి అడగడం. ఇది వినడానికి తేలికగా ఉంటుంది కాని మన ఇళ్లలో తేలిక కాదు, ఎందుకంటే జబ్బు ఏ దశలో ఉందో రోగికి తప్ప మిగిలిన అందరికీ తెలిసి ఉండే ఇళ్లు మనవి. ఆయనకు ఎంతవరకు తెలుసో ముందు భార్యను విడిగా అడగండి. నేను అడగలేదు. పోస్టరు తయారుచేసిన మరో మిత్రుడు, మంచి ఉద్దేశంతోనే, ఆసుపత్రి మంచం మీది ఫొటో పెట్టి, 'చివరి దశలో ఉన్న మన మిత్రుడు' అని ఎర్ర అక్షరాల్లో రాశాడు. అది మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నుంచి ఎటెటో తిరిగి రెండు రోజుల్లో ఆయన కూతురి కాలేజీ గ్రూపుకు చేరింది. ఆ సాయంత్రం బ్రాడీపేటలో వాళ్ల ఇంటి వరండాలో ఆయన తన ఫోను నా చేతికిచ్చి, "ఒరేయ్, నేను పోతున్నానని ఊరంతటికీ తెలిసింది కాని నాకు చెప్పలేదేంట్రా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తెర మీద ఆయన ముఖాన్ని బొటనవేలితో పెద్దది చేసి చూసుకుని, "ఈ బనీను తప్ప ఇంకేం దొరకలేదా?" అని కూడా అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. ఆయన భార్యకు అంతకుమించిన దిగులు ఉంది, ఆ ఏడే పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు.

కాబట్టి పోస్టరులో ఏ ఫొటో ఉండాలో, జబ్బు పేరు ఉండాలో వద్దో, ఊరు పేరు, పిల్లల పేర్లు రావచ్చో లేదో ఆయన కుటుంబమే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫొటో చాలు. మాటల విషయానికి వస్తే, 'మా చిన్ననాటి మిత్రుడు తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు, ఆయన వైద్యానికి, ఇంటి ఖర్చులకు, పిల్లల చదువుకు సాయంగా నేను జనవరిలో పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను, మీకు తోచినంత ఇప్పుడే పంపగలరు' అన్నంత సాదాగా రాయండి. వైద్యం ఒక్కదానికే అని రాయవద్దనడానికి కారణం ఉంది. చందా వచ్చిందన్న ఒత్తిడితో, ఆ డబ్బు దానికే ఖర్చుపెట్టాలేమోనన్న మొహమాటంతో, వైద్యులు పెద్దగా ప్రయోజనం లేదన్న ఖరీదైన మందులకు వెళ్లిన కుటుంబాన్ని నేను చూశాను. ఈ దశలో అవసరమైనది చాలావరకు పాలియేటివ్ కేర్ అనే ఉపశమన వైద్యం: నొప్పికి, వాంతులకు, నిద్రకు, పుండ్లు పడకుండా చూడడానికి చేసే వైద్యం. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి, వాటి ఖరీదు ఎక్కువ కాదు. 2014లో మాదకద్రవ్యాల చట్టానికి చేసిన సవరణ తరువాత గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లో అవి దొరకడం మునుపటికన్నా సులువైంది. ఆ సదుపాయం ఎక్కడుందో ఆయనకు వైద్యం చేస్తున్న క్యాన్సర్ వైద్యుణ్ణి నేరుగా అడగండి, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని క్యాన్సర్ విభాగంలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ విచారించండి. రేషను కార్డు ఉన్న కుటుంబమైతే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవేవి వస్తాయో ఆసుపత్రిలో ఉండే ఆ పథకం ఉద్యోగితో మాట్లాడకుండా బిల్లు కట్టవద్దు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి అసలు బిల్లులు కావాలి కనుక ఏ కాగితమూ పారేయవద్దని ఇంట్లో చెప్పండి.

డబ్బు ఏ ఖాతాలోకి రావాలన్నది నా వృత్తికి సంబంధించిన విషయం, సిగ్గుతో చెప్పవలసిన విషయం కూడా. నేను మా మిత్రుడి పాత ఖాతా క్యూఆర్ కోడునే పోస్టరులో పెట్టించాను. అదే బ్యాంకులో ఆయనకు వ్యక్తిగత రుణం ఉంది, మూడు వాయిదాలు బాకీ పడి ఉన్నాయి. చందాలు పడడం మొదలైన వారంలోనే 22,000 రూపాయలు వాయిదాల కింద జమ అయిపోయాయి. బాకీ ఉన్న ఖాతాదారుడి సొమ్ము తన దగ్గర ఉంటే దాన్ని బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంటుందని ఇరవై ఏళ్లు అవతలివారికి చెప్పిన మనిషినే నేను. రెండో సంగతి, ఖాతా ఆయన ఒక్కడి పేరనే ఉంటే ఆయన తరువాత అది ఆగిపోతుంది, నామినీ ఉన్నా మరణ ధ్రువీకరణ పత్రం, దరఖాస్తు, గుర్తింపు కాగితాలు పూర్తయ్యేసరికి వారాలు పడుతుంది, సరిగ్గా ఇంట్లో డబ్బు అవసరమైన వారాలు అవి. అందుకని అప్పు లేని వేరే బ్యాంకులో, భార్య ఒక్కరి పేరనో, లేదా ఇద్దరి పేరన 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు నడపగలిగేలా, కొత్త ఖాతా తెరిపించండి. ఆయన సంతకం చేయగలిగిన స్థితిలో ఉన్నప్పుడే ఆ పని కావాలి.

మీ సొంత ఖాతాలోకి మాత్రం ఒక్క రూపాయి కూడా రానివ్వవద్దు. మీ మీద అనుమానంతో అనడం లేదు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఊరికే వచ్చిన సొమ్ము 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తమంతా అందుకున్నవారి ఆదాయంగా లెక్కకు వస్తుంది, ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో స్నేహితుడు బంధువు కాడు. ఆ కుటుంబం తరఫున ఈ విషయాన్ని మొదటి రోజే ఒక ఆడిటరుతో మాట్లాడండి. అయిదు లక్షలంటే ఇది పట్టించుకోవలసిన మొత్తమే. ఎవరైనా పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడిగితే, ఒక వ్యక్తికి నేరుగా ఇచ్చిన చందాకు ఆ మినహాయింపు రాదని ముందే చెప్పేయండి. అమెరికాలోని మీ బ్యాచ్‌వాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారిని చట్టం విదేశీ దాతలుగా చూస్తుంది కనుక వారి సొమ్ము విషయం కూడా ఆడిటరు మాట విన్నాకే. మిలాప్, కెటో వంటి ఆన్‌లైన్ వేదికలు ఆసుపత్రి కాగితాలు అడుగుతాయి, పరిచయం లేనివారికి నమ్మకం కలిగిస్తాయి, అయితే రుసుములన్నీ పోగా చేతికి ఎంత వస్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో చదివి తీరాలి. నా అనుభవంలో మన వంటి వారికి మూడొంతుల డబ్బు మన ఫోనులో పేర్లున్నవారి దగ్గరి నుంచే వచ్చింది. గ్రూపులో పెట్టిన పోస్టరుకు చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, విడిగా ఫోను చేసి మాట్లాడితే డబ్బు వస్తుంది.

ఒక పొడవాటి రూళ్ల పుస్తకం కొని, తేదీ, పేరు, మొత్తం, ఏ రూపంలో వచ్చింది అన్న నాలుగు గడులు గీయండి. నగదు ఇచ్చినవారి చేత అక్కడికక్కడే సంతకం పెట్టించుకుని ఆ సాయంత్రమే బ్యాంకులో జమ చేయండి. నా పుస్తకంలో అరండల్‌పేటలో ఇడ్లీ బండి నడిపే ఆయన సంతకం ఉంది, యాభై రూపాయలకు. పుస్తకానికి నూనె అంటకుండా తువ్వాలుతో చేయి రెండుసార్లు తుడుచుకుని మరీ పెట్టాడు. ప్రతి ఆదివారం ఆ వారం వచ్చినదీ, ఖర్చయినదీ ఇచ్చినవారందరికీ రెండు వాక్యాల్లో పంపండి. మొత్తం తప్ప పేర్లు వద్దు, ఎవరు ఎంత ఇచ్చారన్న పోలిక మొదలైతే తక్కువ ఇవ్వగలిగినవారు మానేస్తారు.

ఇప్పుడు పరుగు. పన్నెండు వారాల్లో నడక స్థితి నుంచి 21.1 కిలోమీటర్లకు వెళ్లినవారు లేకపోలేదు, కాని నలభై ఆరేళ్ల వయసులో, బీపీతో, మధ్యలో ఆసుపత్రి చుట్టూ తిరగవలసిన మనిషికి నేను పది కిలోమీటర్లే సిఫారసు చేస్తాను. వైద్యుడిని కలిసి, పరుగు మొదలుపెడుతున్నానని చెప్పి, ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని అదుపు చేస్తాయి, కొన్ని ఒంట్లో నీటిని బయటకు పంపుతాయి. మీది ఏ రకమో ఆయనకు తెలియాలి. వారానికి మూడు రోజులు చాలు. మొదటి మూడు వారాలు ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున అరగంట, తరువాత క్రమంగా నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం, అది దాటితే తగ్గించండి. ఆదివారం పరుగును వారానికి కిలోమీటరుకు మించి పెంచవద్దు.

విజయవాడ వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద సాధన చేయండి. దాని పొడవు 1,223.5 మీటర్లు, రానుపోను కలిపి దాదాపు రెండున్నర కిలోమీటర్లు, కనుక నాలుగుసార్లు తిరిగితే పదికి కొంచెం తక్కువగా తేలుతుంది, గడియారం చూసుకునే పని లేదు. నేను మొదట్లో కిలోమీటర్లు కాకుండా గేట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. డెబ్భై గేట్లు, ముప్పై అయిదో గేటు దగ్గరికి వస్తే సగం వంతెన. తెల్లవారుజామున అయిదు గంటలకు గేట్ల కింద నీటి చప్పుడు, అవతల కొండ మీద అమ్మవారి గుడి దీపాలు కనిపిస్తుంటే కాళ్ల నొప్పి కొంత మరుపుకు వస్తుంది. సీతానగరం వైపు దిగి ఉండవల్లి కరకట్ట మీదికి వెళితే నీడ ఉంటుంది, కుక్కలూ ఉంటాయి, ఒంటరిగా వెళ్లవద్దు. వాహనాలు ఎదురుగా వచ్చే వైపున పరుగెత్తండి.

ఎండ సంగతి బెజవాడ వాళ్లకు చెప్పనక్కరలేదు కాని, జనవరిలో కూడా కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. నీళ్లు దాహం వేసినంత తాగండి, అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. గంట దాటిన పరుగుకు ఓఆర్‌ఎస్ గాని, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ గాని మంచిది. బీపీ ఉంది కనుక ఉప్పు ఎంతో మీ వైద్యుణ్ణి అడగండి. మాట తడబడడం, దారి తెలియకపోవడం, వణుకు కనిపిస్తే అది అలసట అనుకోవద్దు, వడదెబ్బ కావచ్చు. అక్కడే ఆగి నీడలో పడుకోబెట్టించుకుని ఒంటి మీద నీళ్లు పోయించుకోవాలి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు రావడం చాలామంది చేసే పని, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గుంటూరు వారికి ఈ మాట చెప్పడం కష్టమే కాని, ముందు రాత్రి గోంగూర పచ్చడికి, మిరపకాయ బజ్జీకి దూరంగా ఉండండి.

నిర్వాహకులు ఉన్న పోటీలోనే పాల్గొనడం మేలు, అంబులెన్సు, నీళ్లు, పోలీసు అనుమతి వారు చూసుకుంటారు. వారి పేరును గాని గుర్తును గాని మీ పోస్టరులో వాడే ముందు రాతపూర్వకంగా అడగండి. జనవరి వరకు ఆగలేమనిపించి, పదిమంది మిత్రులతో సొంతంగా నవంబరులోనే పరుగు పెట్టుకుంటామంటే అదీ మంచిదే, నిజానికి నాకు అదే ఎక్కువ ఇష్టం. కాకపోతే బ్యారేజీ దాటితే జిల్లా మారుతుంది, ఇటు ఎన్టీఆర్ జిల్లా, అటు గుంటూరు జిల్లా, ఇద్దరు పోలీసు అధికారులకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తిరుగుడు లేకుండా ఒక ఒడ్డునే దారి ఎంచుకోండి. భవానీ దీక్షల విరమణ రోజుల్లో కొండ చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు, ఆ తేదీలు చూసుకోండి.

పరుగు రోజున ఆయన్ను అక్కడికి తీసుకురావాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. చూడాలని ఆయనే కోరుకుంటే వేరు, అప్పుడు కూడా కారులో, పది నిమిషాలు. లేకపోతే పరుగు ముగిశాక మీరే గుంటూరు వెళ్లి కూర్చోండి.

ఒకవేళ పరుగుకు ముందే ఆయన వెళ్లిపోతే ఏం చేయాలన్నది ఇప్పుడే ఆయన భార్యతో, మెల్లగా, ఒక్కసారి మాట్లాడి పెట్టుకోవలసిన విషయం. మేము మాట్లాడుకోలేదు. పన్నెండో రోజు కర్మలు అయ్యాక, పరుగు మానేద్దామా అని అడగడానికి వెళితే, "మీరు మానేస్తే డబ్బు ఇచ్చినవాళ్లకు ఏమని చెబుతారు, అన్నయ్యగారూ?" అని ఆమే అంది. పరుగెత్తాం. ఆ తరువాత వచ్చిన 1,90,500లో 1,10,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు పోయింది, మిగిలిన 80,500ను చిన్నమ్మాయి డిగ్రీ ఫీజుకు ఉంచవచ్చా అని ఇచ్చిన ప్రతివారికీ సందేశం పంపి, వారం రోజులు గడువు ఇచ్చాను. ఇద్దరు తమ డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం, కలిపి 1,500. పుస్తకం చివరి పేజీలో ఆ ఇద్దరి సంతకాలు, వాటి కింద కాలేజీ రసీదు సంఖ్య ఉన్నాయి.